చూసుకునే మనిషి పేజీ

"పాదిరిగారు మనింటికి వస్తే ఎలా ఉంటుందో అలా ఉండాలి ఇల్లు. వచ్చేది గవర్నమెంటు మనిషి. మన పరువు నీ చేతిలో ఉంది దయా," అని మా ఆయన ప్రేమ్‌చంద్ పొద్దున్నే చెప్పేసి ముసఫ్ఫా ఇండస్ట్రియల్ ఏరియాలో డ్యూటీకి వెళ్ళిపోయారు. పరువు నా చేతిలో, చీపురూ నా చేతిలోనే. హాస్పిటల్లో సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. డైపర్ల కట్ట అల్మైరాలో పెట్టి తలుపు మూశాను. బెడ్‌పాన్‌ని బాత్రూములో బకెట్ కింద బోర్లించాను. రబ్బరు షీటు చుట్టి బాల్కనీలోకి తోశాను. మా అత్తగారు సువార్తమ్మకి కుడి పక్క పడిపోయి రెండేళ్ళయింది. ఆవిడకి నీళ్ళు పోసి, పౌడరు రాసి, క్రిస్మస్‌కి కట్టుకునే మీగడరంగు పట్టుచీర కట్టి, సోఫాలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా రెండు పక్కలా దిండ్లు దోపాను. ఆపైన గవ్వలు వేయించాను. నా నడుము ఇంక తనది తను చూసుకుంటానన్నట్టు పట్టేసింది.

వచ్చేది సోషల్ వర్కర్. అత్తయ్యని చూసే డాక్టరమ్మ మా ఏరియా సేవా కేంద్రానికి కాగితం రాసింది. వాళ్ళ మనిషి ఇంటికి వచ్చి చూసి, అవసరమని రాస్తే పగటిపూట అత్తయ్య దగ్గర ఉండడానికి ఒక ఆయాని పంపుతారట. ఆ కాగితం రాయమని అడిగింది నేనే. ఇన్నాళ్ళూ మేం డ్యూటీలకు వెళ్తే పక్క పోర్షన్ లిస్సీ చేచీ చూసేది. ఆవిడ నెలాఖరుకి గల్ఫ్ వదిలి కేరళ వెళ్ళిపోతోంది. ఆ మాట తెలిసిన రోజే మా ఆయన తేల్చేశారు. "ఖలాస్. సోమవారం నువ్వు రిజైన్ చేసెయ్యి. ఇంట్లో నర్సుండగా బయటి మనిషెందుకు?" అన్నారు. డయాలసిస్ వార్డులో నాది పద్నాలుగేళ్ళ సర్వీసు. రాజీనామా లెటరు ఆయనే టైపు చేసి నా ఫోనుకు పంపారు. సంతకం ఒక్కటే నాకు వదిలారు.

అసలు ఈ 'ఇంట్లో నర్సు' అన్న మాట మా అత్తయ్యదే. పెళ్ళికి వచ్చిన చుట్టాలందరికీ చెప్పింది. "మాకేటమ్మా, నర్సు కోడలు. రేపు నేను మంచాన పడినా దిగుల్లేదు," అని. అందరూ నవ్వారు. పెళ్ళికూతుర్ని కదా, నేనూ నవ్వాను.

నా తెలివి చూడండి. సాయం కావాలని పిలిపించిన మనిషికి, సాయం అక్కర్లేని ఇల్లు సర్ది చూపిస్తున్నాను. చిన్నప్పట్నుంచీ అలవాటు. పాదిరిగారు ఇంటికొచ్చి "ఎలా ఉన్నారమ్మా?" అంటే, పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా "దేవుని కృపవల్ల బాగున్నామండి" అనేవాళ్ళం. వేరే జవాబు మా నోటికి తిరగదు.

నాలుగింటికి నల్ల అబాయా వేసుకున్న ఆవిడ చేతిలో ఫైలుతో వచ్చింది. నేను ఇంగ్లీషు సర్దుకుంటుంటే, "నా పేరు ఖతీజాబీ అమ్మా. మా వాళ్ళది నెల్లూరు. నేను పుట్టింది ఈడనే. తెలుగు అట్టా ఇట్టా వస్తుంది," అంది. మా ఆయన అప్పటికే ఇంటికి చేరి ఇస్త్రీ చొక్కాలో ఎదురు కూర్చున్నారు. ఆవిడ ఏం అడిగినా జవాబు ఆయనదే. "మా అమ్మకి ఏ లోటూ లేదండి. మా ఆవిడ నర్సు. అన్నీ తనే చూసుకుంటాది." ఆవిడ నా వైపు తిరిగి "మీరేమంటారమ్మా?" అంది. నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "దేవుని కృపవల్ల బాగున్నామండి," అన్నాను. ఆవిడ పెన్ను కదిలింది. ఏదో ఒక లైను రాసుకుంది. సోమవారాన్ని నా నోటితో నేనే రాయించుకున్నాను.

గవ్వలు ముట్టుకోలేదు. "బాత్రూమ్ చూడొచ్చా?" అని లేచింది. మా ఆయన గతుక్కుమని "అదెందుకండి, అంత బాగోదు," అంటున్నా వెళ్ళింది. బకెట్ ఎత్తిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చింది. తిన్నగా వెళ్ళి మా అత్తయ్య మోకాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. ఒక దిండు మెల్లగా తీసింది. అత్తయ్య కుడి పక్కకి ఒరిగిపోతుంటే భుజంతో ఆపి, మళ్ళీ దిండు పెట్టింది. నేను మధ్యాహ్నం నుంచీ కష్టపడి దాచిందంతా ఒక్క నిమిషంలో తెలుసుకుంది.

అప్పుడు అడిగింది. "అమ్మా, మీకేం కావాలి?"

మా ఆయన నోరు తెరిచారు. ఆవిడ వెనక్కి చూడకుండానే, "అమ్మ చెప్తాది," అంది. చెప్పి ఎదురుచూసింది. ఎంతసేపనుకున్నారు? ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మాట కోసం అత్తయ్య పెదవి వణుకుతోంది. ఆవిడ అందించలేదు, తొందరపెట్టలేదు, వాచీ చూసుకోలేదు. పద్నాలుగేళ్ళుగా రోగుల మధ్య ఉన్నాను, ఒక ముసలామె మాట కోసం ఎవరూ అంతసేపు ఆగడం చూడలేదు. నేనూ ఎప్పుడూ ఆగలేదు. అత్తయ్య సగం మాట అనేసరికి మిగతా సగం నేనే అనేసి పని చేసేదాన్ని.

"పరా... పరాయి మనిషి," అంది అత్తయ్య. "నీళ్ళు పొయ్యడానికి. ఇది వద్దు. సిగ్గు."

"అదేంటమ్మా, మన దయే కదా," అన్నారు మా ఆయన.

"మనదే. అందుకే," అంది.

రెండేళ్ళుగా నీళ్ళు పోసేటప్పుడు అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకునేది. అత్తగారి దర్జా అనుకున్నాను. కోడలి చాకిరీ తన హక్కని నా మొహం కూడా చూడటం లేదనుకున్నాను. లోలోపల ఎంత తిట్టుకున్నానో. ఆవిడ సిగ్గుతో చచ్చిపోతోందన్నమాట. ఒకే బాత్రూములో ఇద్దరం ఆడవాళ్ళం, ఒకరిది ఒకరికి తెలియకుండా. ఆయన పరువు మాత్రం మా ఇద్దరికీ తెలుసు.

అల్మైరా తెరిచి డైపర్ల కట్ట తెచ్చి టీపాయ్ మీద, గవ్వల పళ్ళెం పక్కన పెట్టాను. ఎవరూ చెప్పలేదు. ఖతీజాబీ తను రాసుకున్న లైను కొట్టేసి కొత్తది రాసింది. తర్వాత ఫైల్లో పేజీ తిప్పింది. పైన ఇంగ్లీషులో దయాకుమారి అని ఉంది.

"ఇది మీ పేజీ అమ్మా."

"నాకేం రోగం లేదండి."

"రోగికి ఒక పేజీ, చూసుకునే మనిషికి ఒక పేజీ. రెండూ నిండితేనే ఫైలు పైకి పోతాది."

నేను కాగితం మీదికి వంగి చదివాను. ఎక్కడో ఆఫీసులో ఎవరో కూర్చుని, మంచం మీది మనిషితో పాటు మంచం పక్కన నిలబడ్డ మనిషిని కూడా ఆలోచించి, ఆ మనిషికి ఒక పేజీ అచ్చు వేయించారు. ఎన్ని గంటలు నిద్రపోతారు, ఎక్కడ నొప్పి, ఒంటరిగా బయటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది, అన్నీ ఉన్నాయి. సొంత మొగుడు అడగనివి, చెల్లెలు కూడా ఫోనులో అడగనివి, నా మొహం చూడని మనిషెవరో అడుగుతున్నారు. ఒక్కొక్కదానికీ జవాబు చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చివరి ప్రశ్న ఆవిడ నెమ్మదిగా చదివింది. "ఈ పని చేసేదానికి మీరు ఒప్పుకుంటున్నారా?"

మా ఆయన నవ్వేశారు. "ఒప్పుకోవడమేంటండి, కోడలు కదా."

"కోడలని పైన రాసే ఉందండి. ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు," అంది ఖతీజాబీ.

పాలకొల్లులో మా పెళ్ళినాడు పాదిరిగారు సంఘమంతా వింటుండగా ప్రేమ్‌చంద్‌ని భర్తగా అంగీకరిస్తున్నావా అని అడిగారు. అంగీకరిస్తున్నాను అన్నాను. ఆ ఒక్క మాట మీద ఇంతకాలం నడిచిపోయింది. వంటకి అదే, అత్తయ్యకి అదే, రాజీనామాకి కూడా అదే. విడిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంటుందని, దానికి కాదు అని కూడా రాసుకునే గడి ఉంటుందని నా ఊహకైనా రాలేదు. ఆ రెండు చిన్న గడుల్ని చూస్తే ఏడుపొచ్చింది. ఆనందమో, ఇన్నాళ్ళకా అన్న కోపమో తెలియదు.

"సాయంత్రాలు ఒప్పుకుంటానండి," అన్నాను. "పగలు ఒప్పుకోను. పగలు నాకు డ్యూటీ ఉంది. సోమవారం కూడా ఉంది."

మా ఆయన "దయా," అన్నారు. నేను అటు చూడలేదు. సోఫాలో అత్తయ్య కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

ఖతీజాబీ రాసుకుంది. "ఆయా పగలుంటాది, సరే. మరి రాత్రిళ్ళు?"

"ఈ పేజీలో ఇంకో పేరుకి చోటుందా అండి?"

"ఉందమ్మా."

"ప్రేమ్‌చంద్," అన్నాను. "వరస దగ్గర కొడుకు అని రాయండి. ఒప్పుకుంటున్నారో లేదో మీరే అడగండి."