గేటు దగ్గర ఆనందభైరవి

నేను ఒక క్లారినెట్‌ను. పెళ్లి ఊరేగింపులో గుర్రం కంటే ముందు, దీపాల బండి కంటే ముందు, డ్రమ్ముల మోతను చీల్చుకుంటూ సన్నగా వినిపించే గొంతు నాది. మీరు నన్ను వినే ఉంటారు. గుర్తు లేదంటే తప్పు మీది కాదు. ఊరేగింపులో బ్యాండును వినేవాళ్లు తక్కువ, బ్యాండు వచ్చిందా లేదా అని చూసుకునేవాళ్లే ఎక్కువ.

మీరట్‌లో ఒక ఇరుకు సందులో పుట్టాను. నల్లటి కర్రను తొలిచి, నునుపు చేసి, తెల్లని మీటలు బిగించి, పెట్టెలో పడుకోబెట్టి రైలెక్కించారు. సికింద్రాబాదు తిరుమలగిరిలో పటాలం బ్యాండు వాయించే మొదలియారు నా మొదటి యజమాని. పొద్దున మైదానంలో ఆయన కాళ్లు ఎటు కదిపితే నా పాట అటు కదిలేది. యుద్ధానికి పోయేవాళ్లకూ తిరిగి వచ్చినవాళ్లకూ ఒకటే పాట వాయించేవాళ్లం. రానివాళ్ల గురించి ఎవరూ ఏ పాటా అడగలేదు. సాయంత్రం ఇంట్లో మాత్రం ఆయన బూట్లు విప్పి, చాప మీద కూర్చుని, ఆనందభైరవి రాగం వాయించేవాడు. అప్పుడు తెలిసింది నాకు, నా లోపల ఇంత చోటుందని.

మొదలియారుకు ఊపిరి తగ్గాక నన్ను తన శిష్యుడు దేవసహాయానికి ఇచ్చేశాడు. ఇద్దరిదీ ఒకే చర్చి. దేవసహాయం ఇల్లు చిలకలగూడలో. భార్య సలోమి, కూతురు కెజియా. రెజిమెంటల్ బజారులో జహంగీర్ మాస్టరు నడిపే బ్యాండులో ఆయన చేరాడు. ఎర్ర కోటు, బంగారు రంగు గుండీలు, కుచ్చు టోపీ. ఆ కోట్లు అందరికీ ఒకే కొలతవి. దేవసహాయం సన్నటి మనిషి కావడంతో కోటే ఆయన్ని తొడుక్కున్నట్టు ఉండేది.

పిలుపు వచ్చేదాకా బ్యాండువాళ్లంతా మూలమీది ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లు. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లు. పిలుపు వస్తే లేచి నడిచేవాళ్లు. అలా నడిచే నేను హైదరాబాదు చూశాను. పాతబస్తీ సందుల్లో పెళ్లివారు పెళ్లికొడుకుతో పాటు మాకూ షర్బతు ఇచ్చేవాళ్లు. బేగంపేటలో మమ్మల్ని మండపం గేటు దాకా రానిచ్చి, అక్కడ ఆపి, లోపల పెద్ద పెట్టెల్లోంచి పాటలు పెట్టేవాళ్లు. మారేడుపల్లిలో లోపల నాదస్వరం, బయట మేము. ఈ ఊళ్లో ఏ పేటలో గేటు ఎంత ఎత్తో మాకు తెలిసినట్టు మునిసిపాలిటీకి కూడా తెలియదు.

దేవసహాయానికి ఒక్కటే కోరిక. ఒకసారి, ఒక్కసారి, ఎక్కడైనా కూర్చుని ఆనందభైరవి మొదటినుంచి చివరిదాకా వాయించాలని. నడుస్తూ వాయిస్తే ఊపిరి సగం కాళ్లకే పోతుందని సలోమితో అనేవాడు. ఆమె నవ్వి, ఇంట్లో కూర్చుని వాయించుకో, ఎవరొద్దన్నారు అనేది. ఇంట్లో వాయించేవాడు కూడా. కానీ పక్కింటివాళ్లు కుక్కర్ కూతల మధ్య వినడం వేరు, వినడానికే వచ్చినవాళ్లు వినడం వేరు.

ఆ వినడానికే వచ్చేవాళ్లను విక్రాంత్ తీసుకొచ్చాడు. జూబ్లీహిల్స్ కుర్రాడు. ఆదివారం పొద్దున కొంతమందిని వ్యానులో ఎక్కించుకుని ఊరంతా పాటలు వినిపిస్తూ తిప్పేవాడు. మొదట పాతబస్తీలో ఒక దర్గా ముంగిట ఖవ్వాలీ, తరవాత మా ఇరానీ హోటల్లో చాయ్, సమోసా, బ్యాండు పాట, ఆఖరున మారేడుపల్లిలో ఒక వీణ టీచరుగారింట్లో ఫిల్టర్ కాఫీ. టీచరుగారింట్లో చెప్పులు విప్పి, చాపల మీద కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా వినేవాళ్లట. విక్రాంతే చెప్పాడు. మా దగ్గర నిలబడి సమోసా తింటూ ఫోన్లు పైకెత్తి వినేవాళ్లు.

అయినా దేవసహాయానికి అది స్వర్గం. ఆయనకు కుర్చీ వేశారు. మొదటి ఆదివారం ఆనందభైరవి ఎత్తుకోగానే హోటల్లో కప్పుల చప్పుడు కూడా తగ్గింది. రాగం సగంలో ఉండగా విక్రాంత్ గడియారం చూసుకుని, కాఫీకి ఆలస్యమవుతోందని అందరినీ లేపాడు. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టారు. ఒకావిడ ఆయన పేరు అడిగింది. ఇన్నేళ్లలో ఊరేగింపులో ఎవరూ పేరు అడిగిన పాపాన పోలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా ఆయన వేళ్లు నా పెట్టె మీద దరువు వేస్తూనే ఉన్నాయి.

అక్కడినుంచి ఆయన ఆదివారం ముహూర్తాలు వదులుకోవడం మొదలుపెట్టాడు. ఒంట్లో బాగాలేదని కబురు పంపేవాడు. ఇరానీ హోటలు మాస్టరు బ్యాండు దుకాణానికి ఎదురుగానే ఉందన్న సంగతి ఆనందంలో మరిచిపోయాడు. ఒక ఆదివారం సైదాబాదు పెళ్లికి మనుషులు చాలక మాస్టరు తానే ట్రంపెట్ పట్టుకుని బయలుదేరుతూ, హోటలు అద్దంలోంచి లోపల కుర్చీలో ఉన్న దేవసహాయాన్ని చూశాడు. లోపలికి వచ్చాడు. అరవలేదు.

"నీకు కుర్సీ దొరికింది గద దేవసహాయం. కూసో. నాకు నడిచేటోళ్లే కావాలె."

ఎర్ర కోటు ఆ సాయంత్రమే ఇంకొకరికి ఇచ్చేశారు. కొలత అందరికీ సరిపోయేదే కదా.

నెల తిరక్కుండా విక్రాంత్ వ్యాను కూడా ఆగిపోయింది. జూబ్లీహిల్స్‌లో తినడానికీ తాగడానికీ కొత్తగా ఒక చోటు తెరుస్తున్నాననీ, ఊరి సంగీతమంతా ఒక్క కప్పు కింద వినిపిస్తాననీ, ప్రారంభం రోజున అంకులే వాయించాలనీ చెప్పాడు. దేవసహాయం వంద మందికి చెప్పుకున్నాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా కెజియా చేత ఇస్త్రీ చేయించుకున్నాడు. వారం రోజులు తలుపు వేసుకుని సాధన చేశాడు. దగ్గు వచ్చేది. దగ్గు ఆగాక వదిలిన స్వరం దగ్గరే మళ్లీ పట్టుకునేవాడు. ఆ వారం ఆయన వాయించినంత బాగా నన్ను మొదలియారు కూడా వాయించలేదు.

ప్రారంభం రోజు సాయంత్రం గేటు దగ్గర విక్రాంత్ ఎదురొచ్చి కావలించుకున్నాడు. తరవాత చొక్కా వైపు చూశాడు.

"యూనిఫారం తేలేదా అంకుల్?"

ఫరవాలేదు, మేం తెప్పించాం అన్నాడు. సినిమాలకు అద్దెకిచ్చే కోటు ఒకటి వచ్చింది. మాస్టరు కోటు కంటే ఎర్రగా ఉంది, గుండీలు ఇంకా మెరుస్తున్నాయి. ఇస్త్రీ చొక్కా మీదే దాన్ని తొడిగారు. ఆయనకిచ్చిన చోటు లోపల కాదు, గేటు పక్కన. కార్లు దిగి వచ్చేవాళ్లకు ముందు నడుస్తూ మెట్ల దాకా వాయించి, తిరిగి వచ్చి, వెనకొచ్చే కారు కోసం నిలబడాలి.

దేవసహాయం నన్ను పెదవులకు ఆనించి, నడక లేకుండా, ఉన్నచోటే నిలబడి ఆనందభైరవి ఎత్తుకున్నాడు. రెండు కార్లు ఆగాయి. దిగినవాళ్లు ఎటు వెళ్లాలో తెలియక ఆయన వైపు చూశారు. విక్రాంత్ మెట్లు దిగి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పాడు.

"సూపర్ అంకుల్. కానీ ఇది కొంచెం ఏడుపుగా ఉంది. బారాత్‌లో వాయిస్తారు కదా, అట్లాంటిది వేయండి."

దేవసహాయం కోటు విసిరికొట్టి ఉంటాడని మీరు అనుకుంటున్నారేమో. నేనూ అనుకున్నాను. ఆయన పెదవి తుడుచుకుని, కొత్త సినిమా పాట ఒకటి ఎత్తుకుని, కారు ముందు నడిచాడు. అతిథులు చివరిదాకా వస్తూనే ఉన్నారు. మధ్యలో ఎవరో ఒక ప్లేటు తెచ్చి ప్రహరీ గోడ మీద పెట్టి వెళ్లారు. ఆయన దాన్ని ముట్టలేదు.

ఇంటికి వచ్చాక సలోమి అడిగింది, అందరూ విన్నారా అని. విన్నరు అన్నాడు. కూర్చునే వాయించావా అంది. ఊఁ అన్నాడు. నన్ను పెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఆ చలికాలంలో ఊపిరి బాగా దెబ్బతిన్నది. డాక్టరు ఇక ఊదొద్దన్నాడు. ఊదని నన్ను ఆయన రోజూ తుడిచి పెట్టెలో పెట్టేవాడు. ఆ రోజుల్లోనే విక్రాంత్ ఫోన్ చేశాడు. క్లారినెట్ ఇస్తే తన చోట గోడకు అలంకరిస్తాననీ, కింద అంకుల్ పేరు రాయిస్తాననీ అన్నాడు. దేవసహాయం ఫోను పెట్టేసి ఆ మాట ఇంట్లో చెప్పాడు. కెజియా వద్దంది.

"నేనెట్లాగూ లోపలికి పోలే. పేరన్న పోనీ బిడ్డా," అన్నాడు.

రెండు బస్సులు మారి నన్ను తీసుకెళ్లాడు. గేటు దగ్గర కాపలావాడు పెట్టె అందుకుని, సార్ మీటింగులో ఉన్నారు, నేనిస్తాలే, నువ్వు పో అన్నాడు. దేవసహాయం పెట్టె మూత తెరిచి ఒకసారి నన్ను చూసి మూసేశాడు. నేను మెట్లెక్కి లోపలికి పోతున్నప్పుడు ఆయన గేటు అవతల నిలబడే ఉన్నాడు. ఆయన్ని నేను చూడడం అదే ఆఖరు.

లోపల బాగుంటుంది. చల్లగా ఉంటుంది. నా నడుముకు రంధ్రం చేసి, తీగ లాగి, నోట్లో చిన్న బల్బు పెట్టారు. సాయంత్రమైతే వెలుగుతాను. నా పక్కన ఒక పగిలిన ఢోలకు ఉంది, కాళ్లు లేని హార్మోనియం ఉంది. కింద ఇంగ్లీషులో ఒక పలక: హైదరాబాదు వీధుల సంగీతం అని. అంతే. పాటలు పైకప్పులోంచి వస్తాయి, ఎవరూ ఊదనక్కరలేదు.

ఒక మధ్యాహ్నం, కుర్చీలు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు, కెజియా వచ్చింది. ఆసుపత్రి డ్యూటీనుంచి నేరుగా వచ్చినట్టుంది, నర్సు బట్టల మీద స్వెటరు వేసుకుంది. మేనేజరు మర్యాదస్తుడు, ఏం కావాలి మేడమ్ అని అడిగాడు. మా డాడీ పేరు ఫోటో తీసుకోవాలి అంది. డాడీ పోయి నెల అయిందనీ, రేపు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక ఉందనీ, జూబ్లీహిల్స్‌లో గోడ మీద తన పేరుందని ఇరానీ హోటల్లో ఆఖరిదాకా అందరికీ చెప్పాడనీ, ఆ ఫోటో అమ్మ అడిగిందనీ చెప్పింది.

ఇద్దరూ పలక చదివారు. మేనేజరు వంగి పలక వెనక కూడా చూశాడు.

"పేరు చెప్పండి మేడమ్, ఓనర్‌కి మెసేజ్ పెడతాను."

"దేవసహాయం," అంది. అతను ఫోనులో కొట్టుకున్నాడు. స్పెల్లింగు రెండుసార్లు అడిగాడు.

ఆమె నా దగ్గరకు వచ్చి నిలబడింది. బల్బు తీగను వేలితో తాకింది. తరవాత సంచిలోంచి పెన్ను తీసి, పలక కింద గోడ మీద, తెలుగులో, తండ్రి పేరు రాసింది. గోడ గరుకుగా ఉండి పెన్ను సరిగా సాగలేదు. ఒక్కో అక్షరాన్ని రెండేసి సార్లు దిద్దింది. మేనేజరు అటు తిరిగి కుర్చీలు సర్దుకున్నాడు. అతను చేసిన పెద్ద సహాయం అది. ఆమె ఫోటో తీసుకుని, అతనికి నమస్కారం పెట్టి, వెళ్లిపోయింది.

కొన్నాళ్లపాటు ఆ పేరు నా కింద ఉంది. చూసినవాళ్లు ఎవరో తాగి గీశారనుకున్నారు.

పండగకు ముందు గోడలకు కొత్త రంగు వేయించారు. నేను ఖరీదైన పాత వస్తువునట. నా మీద ఒక్క చుక్క కూడా పడకూడదని పనివాళ్లు నన్ను పాత పేపర్లతో జాగ్రత్తగా చుట్టి, తరవాత నా కింద గోడకు రెండు పూతలు వేశారు.