వెలుగు మీద ఆరేసిన బట్టలు

బట్టలు ఉతకడం కింద, ఆరేయడం మాత్రం పైన. దీవి చివరి కొండకొమ్ము మీద ఆ దీపస్తంభం కట్టిన తాతల కాలం నుంచీ అంతే. ముసురు రోజుల్లో దీపం వెలగగానే కాపలాదారు భార్య తడిబట్టల బకెట్టుతో మెట్లెక్కి, వెలుగు మీద ఒక్కొక్కటే వేసేది. అవి సముద్రం మీదుగా దూరంగా జారి, దీపంతోపాటు తిరిగి, ఆరి వెనక్కి వచ్చేవి. తన కొడుకు చొక్కాకున్న చిల్లు ఓడలవాళ్ళందరికీ తెలిసిపోయిందని అత్తగారు దెప్పుతుండేది.

ఆ రోజు మధ్యాహ్నానికే పొగమంచు కమ్మేస్తే దీపం వెలిగించారు. పొద్దున్నే కూతురు ఎవరితోనూ చెప్పకుండా చిన్న పడవ తీసుకుని వెళ్ళిపోయింది. అవతలి ఒడ్డున పడవలు నడిపే పనిలో చేరతానంటే తల్లి ససేమిరా అంది, ముందురోజు మాటా మాటా పెరిగింది. ఆ పిల్ల ఇంకా చేరలేదని ఇప్పుడు వైర్‌లెస్‌లో కబురు.

తల్లి ఏడవలేదు. చేతులు ఊరుకోక, వెలుగు మీద వేసిన దుప్పట్లు తీయడానికి పైకెళ్ళింది. వాటి వెనకాలే ఆకుపచ్చ చున్నీ ఒకటి జారుతూ వచ్చింది. కూతురిది. నీళ్ళోడుతోంది. గబుక్కున అందుకుంది. తీరా చూస్తే, కొసలు కలిపి ముడి వేసి ఉంది. సముద్రానికి ముడి వేయడం రాదు.

అప్పుడు గమనించింది. పడమటికి తిరిగినప్పుడల్లా వెలుగు కాస్త కుంగుతోంది, ఆ కొసన ఎవరో చెయ్యి వేసినట్టు. పట్టు దొరికేలోపే దాటిపోతోంది.

మళ్ళీ అటు తిరగ్గానే దీపం ఇత్తడి చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఆపేసింది.

భర్త పరుగున వచ్చాడు. తిరగని దీపాన్ని చూసి ఓడలు ఇది వేరే చోటనుకుంటాయని, వచ్చి రాళ్ళకు కొట్టుకుంటాయని అన్నాడు.

"అయితే మీరెళ్ళి గంట కొట్టండి," అంది. "నేను వదలను."

ఆయన ఆవిడ ముఖం చూసి దిగి వెళ్ళాడు.

కింద గంట మోగుతూనే ఉంది. చట్రం తోస్తోంది, భుజాలు లాగేస్తున్నాయి, వెలుగు మాత్రం కుంగే ఉంది. చాలాసేపటికి మంచులోంచి పడవ ముక్కు కనిపించింది. కూతురు నిలబడి, వెలుగును గుప్పిట తర్వాత గుప్పిటగా అందుకుంటూ పడవను లాక్కొస్తోంది.

కూతురు మెట్లెక్కి వచ్చేసరికి తల్లి వేళ్ళు ఇత్తడికి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ పిల్ల వాటిని ఒక్కొక్కటే విప్పింది.

"ఇక తిరగనీ అమ్మా. వచ్చేశాగా."

దీపం కదిలింది. తల్లి కూతురి అరచేతులు వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఎర్రగా కమిలిపోయాయి.

"వాళ్ళు పనిలోకి ఎప్పుడు రమ్మన్నారు?"

"సోమవారం."

"సరే, వెళ్ళు," అంది తల్లి. "చెప్పి వెళ్ళు."