మేకు కింది ఊరు

ప్రపంచాన్ని గోడకెక్కించే పని విశ్వాసం మేస్టారికి అప్పజెప్పి నెల దాటిపోయింది. గోడ మాత్రం సున్నం వేసిననాడు ఎలా ఉందో అలాగే, ఏమీ ఎరగనట్టు తెల్లగా ఉంది.

చింతపల్లిలో చర్చిని ఆనుకుని ఉన్న సండేస్కూలు హాలు గోడ అది. క్రిస్మస్‌కి చుట్టుపక్కల గూడేల పిల్లలంతా వచ్చి అక్కడ నాటిక వేస్తారు. ఈసారి నాటిక వెనకాల ప్రపంచ పటం ఉండాలనీ, తూర్పు దేశపు జ్ఞానులు కానుకలు పట్టుకుని బాలయేసును చూడడానికి ఏ దారిన బేత్లెహేము వెళ్లారో దాని మీద ఎర్రగీత గీసి చూపించాలనీ సంఘ పెద్ద లాజరస్ గారికి తోచింది. రంగులు ఆయనే తెప్పించారు. సంఘంలోనే సోషల్ మేస్టారు ఉండగా పెయింటరెందుకన్నారు. పొరపాటు అక్కడే జరిగింది. పటాల సంగతి తెలియని పెయింటరైతే బడి అట్లాసు ముందు పెట్టుకుని వారంలో గీసి పారేసేవాడు. విశ్వాసానికి తెలుసు.

గుండ్రటి భూమిని చదునైన గోడ మీద పరచాలంటే ఎక్కడో సాగదీయాలి, లేదా ఎక్కడో చింపాలి. బళ్లలో వేలాడే పటంలో దేశాల ఆకారాలు ముచ్చటగా ఉంటాయి. కానీ మంచు తప్ప పెద్దగా ఏమీ లేని గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకి సరిజోడుగా కూర్చుంటుంది. నిజానికి ఆఫ్రికాలో అలాంటివి డజను పైగా ఇముడుతాయి. పోనీ వైశాల్యాలు సరిగ్గా ఉండేలా గీద్దామా అంటే, అదే ఆఫ్రికా తడిపి దండెం మీద వేసిన బనీనులా కిందికి సాగి వేలాడుతుంది. ఏ అబద్ధమైతే తక్కువ పాపం అన్నది తేల్చుకోలేక, మేస్టారు రోజూ సాయంత్రం స్వెట్టరు వేసుకుని వచ్చి, గోడ ముందు బెంచీ మీద కాసేపు కూర్చుని, తాళం వేసి వెళ్లిపోయేవాడు.

ఆయనకు తన మనసును పక్కింటివాడి మనసులా చూసే అలవాటుంది. అందుచేత అసలు సంగతి ఆయనకు బాగానే తెలుసు. తాను గీయలేకపోతున్నది పటాన్ని కాదు. చెప్పలేకపోతున్న ఒక వాక్యం ఉంది. అది గోడ రూపంలో వచ్చి ఎదురుగా నిలబడుతోంది.

ఆ వాక్యం డాలీకి చెప్పవలసింది. డాలీ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ముప్పై ఏడేళ్లు. నచ్చినవాడు తారసపడలేదు, తారసపడినవాడు నచ్చలేదని తనే నవ్వుతూ చెబుతుంది. విశ్వాసానికి నలభై రెండు. తారసపడి రెండేళ్లయింది. నచ్చాడో లేదో అడగలేదు. అడగడానికి వాక్యాలు తయారుచేసుకున్నాడు గానీ, ఒకటి మరీ ప్రార్థనలా ఉంది, ఒకటి మరీ దరఖాస్తులా ఉంది, ఒకటి తన ఒంటరితనాన్నే చెబుతోంది తప్ప ఆమెను గురించి ఏమీ చెప్పడం లేదు. లోపల గుండ్రంగా ఉన్నది నోటిదాకా వచ్చేసరికి ఏదో ఒక వైపు సాగిపోతోంది.

ఈలోగా డాలీకి ఘాటు మలుపుల అవతలున్న డొంకరాయికి బదిలీ అయింది. క్రిస్మస్ వెళ్లాక చేరాలి.

ఆ శనివారం లాజరస్ గారు మేస్టారిని ఇంటికి పిలిపించారు. కాఫీ పళ్లు కోతకొచ్చిన రోజులు. పెరట్లో ఆరబెట్టిన కాఫీని మంచు పడకముందే గుట్టగా పోసి, టార్పాలిన్ కప్పుతున్నారు. పెద్దాయన కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే డాలీ బీపీ చూస్తోంది.

"ఏటి మేస్టరూ, గోడకేసి సూత్తన్నారంట గానీ గీత్తం నేదంట."

"ఎలా గీసినా తప్పే అవుతోందండి."

"తప్పేటి? అట్లాసు ఉంది కదా."

విశ్వాసం చుట్టూ చూశాడు. పనివాళ్లు టార్పాలిన్‌ని ఒక మూల లాగితే ఇంకో మూల ముడత లేస్తోంది. అది సర్దితే నడుమ ఉబ్బుతోంది. "అదిగోనండి, అదే. గుట్ట మీద టార్పాలిన్ ముడత పడకుండా కప్పమనండి, చూద్దాం. ఎంత లాగినా ముడత పోదు. ఎటు పడాలో మనం చెప్పగలం, అంతే. భూమీ అంతేనండి."

పెద్దాయన టార్పాలిన్ వంక చాలాసేపు చూశారు.

"అలాగైతే ముడతలన్నీ సముద్రాల్లోకి తోసీండి. అక్కడ మనుషులుండరు కదా."

"అలా గీసినవాళ్లూ ఉన్నారండి. సముద్రాలు చీలికలైపోతాయి."

"సేపలకేటి నట్టం."

డాలీ గట్టిగా నవ్వింది. "కదలకండి పెద్దయ్యగారూ, లెక్క తప్పిపోద్ది." మేస్టారి వంక తిరిగి, "మీరు చేపల గురించి కూడా బెంగెట్టుకున్నారా?" అంది.

పెట్టుకున్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు ఇద్దరూ మిరియాల తోట పక్క దారిన నడిచారు. పొగమంచు చెట్ల మొదళ్లదాకా దిగింది. డాలీ బీపీ మిషను సంచీ భుజాన వేసుకుని, ఆయన కంటే ఒక అడుగు ముందు నడుస్తోంది.

"మేస్టారు, అన్నీ సరిగ్గా ఉండే పటం లేదన్నారు. ఏదో ఒకటైనా నిజంగా ఉండేది ఉందా?"

"ఉందండి. ఒక ఊరిని మధ్యలో పెట్టి గీస్తే, ఆ ఊరి నుంచి ప్రతి చోటుకీ దూరం సరిగ్గా వస్తుంది. దిక్కు కూడా."

"మిగతా ఊళ్ల మధ్యో?"

"అవి తప్పిపోతాయి. దూరమైనకొద్దీ సాగిపోతాయి. భూమికి సరిగ్గా అవతల పక్కనున్న చోటైతే చుక్కగా ఉండదు. పటం అంచంతా అదే అవుతుంది."

"ఒక్క ఊరి కోసం అంత పాడుచేస్తారా?"

"అవునండి."

"ఆ ఊరిని ఎవరు ఎంచుతారు?"

"గీసేవాడే."

డాలీ ఆగి వెనక్కి చూసింది. మంచులో ఆమె ముఖం సరిగా కనబడలేదు. నవ్వుతోందో లేదో తెలియకపోవడం విశ్వాసానికి ఒకవిధంగా సాయమే చేసింది.

"అయితే బేగి ఎంచుకోండి. నేనెల్లిపోయాక గీస్తే నాకెలా కనబడతది?"

ఆ రాత్రి ఆయన ఎంచుకున్నాడు. ఎంచుకున్న ఊరి అక్షాంశమూ రేఖాంశమూ రాసుకుని, అక్కడి నుంచి కైరోకి, లండన్‌కి, సిడ్నీకి, తీరాల మీది ప్రతి వంపుకీ దూరమూ దిక్కూ లెక్క కడుతూ వారం గడిపాడు. ఇన్నాళ్లలో ఎన్నడూ లేని హుషారు వచ్చింది. ఆ హుషారును కూడా పక్కింటివాడిదిలా గమనించాడు. గుండెలోది బయటపెట్టాననే తృప్తి ఉంది, ఎవరికీ దొరకననే ధీమా కూడా ఉంది. రెండూ ఒకే గదిలో కాపురం ఎలా చేస్తున్నాయో మాత్రం ఆరా తీయలేదు.

తరవాత పని చకచకా సాగింది. గోడ నడుమ మేకు కొట్టి, దానికి పురికొస కట్టాడు. పురికొస పొడవే దూరం. అట్టతో చేసిన పెద్ద కోణమానిని బట్టి దిక్కు. డ్యూటీ అయ్యాక డాలీ వచ్చి పురికొస చివర పట్టుకునేది. ఆయన ఎటు చెబితే అటు జరిగి, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగేది. వేలు పెట్టిన చోట ఆయన సుద్దముక్కతో చుక్క పెట్టేవాడు.

"ఇదేంటండీ?"

"జాంజిబార్."

"ఇదో?"

"ఇంకొంచెం పైకి. ఆఁ. ఏడెన్."

"ప్రపంచమంతా తిప్పుతున్నారు నన్ను. టీ కూడా ఇప్పించట్లేదు."

రోజులు గడిచేకొద్దీ చుక్కలు తీరాలయ్యాయి, తీరాలు దేశాలయ్యాయి. భారతదేశం మేకు చుట్టూ చక్కగా, పొందికగా వచ్చింది. ఆఫ్రికా బాగానే ఉంది. ఆస్ట్రేలియా కాస్త లావెక్కింది. దక్షిణ అమెరికా మాత్రం అంచుదాకా పోయి, వంకీ తిరిగి, పెనానికి అంటుకున్న అట్టులా సాగింది.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక, లాజరస్ గారు చేతికర్రతో వచ్చి గోడ ముందు నిలబడ్డారు. హాల్లో ఆయనా, మేస్టారూ, చివరి చుక్కల కోసం పురికొస పట్టుకుని ఉన్న డాలీ తప్ప ఎవరూ లేరు.

"ఈ దేశానికేటయింది, ఇలగ సాగిపోనాది?"

"మనకి బాగా దూరం కదండీ, అందుకని."

"సరే, దూరపోళ్లు కదా, ఏటీ అనుకోరు." కర్రతో బేత్లెహేము చూపించి సంతోషించారు. "ఇక్కడి నుంచి ఇక్కడికి ఎర్రగీత గీసీండి. తిన్నగా."

కర్ర మేకు దగ్గర మొదలై బేత్లెహేములో ఆగింది.

విశ్వాసం తడబడ్డాడు. "జ్ఞానులు ఇక్కడి నుంచి వెళ్లారని ఎక్కడా లేదండి."

"తూర్పు నుంచి ఒచ్చేరని ఉంది. మనం బేత్లెహేముకి తూర్పా కాదా?"

"తూర్పేనండి."

"మరింకేటి. మనకాడి నుంచే ఎల్లుంటారు, మిరియాలు పట్టుకుని. సాంబ్రాణి దారిలో కొనుక్కుంటారు." మేకు పక్కన కర్రతో తట్టారు. "ఇక్కడ చింతపల్లి అని రాసీండి. పెద్దచ్చరాలు. ఎనక బెంచీకి కనపడాల."

మేస్టారు బ్రష్షు రంగులో ముంచి ఎత్తాడు. గోడకు జానెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. జ్ఞానుల మిరియాలనైనా ఆయన మింగగలిగాడు గానీ ఇది మింగుడుపడలేదు. నెల రోజులు గ్రీన్‌లాండ్ గురించి బాధపడిన మనిషి, స్వయంగా లెక్క కట్టిన చుక్క పక్కన తప్పు పేరు ఎలా రాస్తాడు? రాస్తే ఎవరికీ తెలియదు. రాయకపోతే చెప్పాలి. రంగు బ్రష్షు కొసన బొట్టుగా చేరి నేల మీద పడింది.

"అది చింతపల్లి కాదండి."

"మరేటి?"

"డొంకరాయి."

మొదట తేరుకున్నది పెద్దాయనే.

"జ్ఞానులు డొంకరాయి నుంచి ఎల్లేరా? అక్కడేటుంది, డేమ్ తప్ప?"

డాలీ పురికొస వదలకుండానే అడిగింది. "ఈ గోడ మీద చింతపల్లికీ డొంకరాయికీ ఎంత దూరం మేస్టారు?"

"మేకు తల అంత."

"అంటే రెండూ దాని కిందే."

"అవునండి."

"ఇప్పుడు మీరు చెప్పకపోతే ఎవరికీ తెలీదు."

"తెలీదండి."

"నాకు కూడా."

ఆయన మేకు వంకే చూస్తూ, "మీకు కూడా," అన్నాడు.

డాలీ నవ్వడం మొదలుపెట్టింది. వెక్కిరింపు నవ్వు కాదు. ఇంజెక్షనుకి ముందు బిక్కచచ్చిన పెద్దమనిషిని చూసి నవ్వినట్టుంది. "రెండేళ్లు ఆలోచించి, ఎవరికీ కనపడకుండా చెప్పే ఉపాయం కనిపెట్టారన్నమాట. ఇంత పెద్ద గోడంతా నింపి, దాని మీద అంత చిన్న మాట. అది కూడా మేకుతో మూసేసి."

"ఏటి సెప్పడం, ఏటి మూసీడం?" అన్నారు లాజరస్ గారు.

"మీరలా కూర్చోండి పెద్దయ్యగారూ, బీపీ పెరుగుద్ది." పురికొసను వేలికి చుట్టుకుని మేస్టారి వైపు తిరిగింది. "కనపడేలా చెప్పండి ఇప్పుడు."

తయారుచేసి ఉంచుకున్న వాక్యాలన్నిటినీ విశ్వాసం వెతుక్కున్నాడు. ఒక్కటీ చేతికి రాలేదు.

"మీరు డొంకరాయి వెళ్తున్నారంటే నాకు... ఏ దూరమైనా అక్కడి నుంచే లెక్కపెట్టాలనిపిస్తోంది. ఇది కాదు చెప్పాలనుకున్నది. అంటే ఇదీ నిజమే. మీరు నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడుగుదామని. అడుగుతున్నాను."

వాక్యం మొదట్లో సాగింది, నడుమ చిరిగింది. ఎంత పాడైందో ఆయనకు కొసదాకా వినిపించింది. అయినా అది బయటికి వచ్చి నేల మీద నిలబడింది. దానిని వెనక్కి తీసుకోవాలని అనిపించకపోవడం ఆయనకే వింతగా తోచింది.

డాలీ నవ్వు ఆపింది. "నేను బదిలీ ఆపించుకోను. ముందే చెప్తన్నాను."

"వద్దండి, ఆపించుకోకండి."

"మీరు ఆదివారం ఆదివారం జీపెక్కి, ఘాటు మలుపులన్నీ తిరిగి, వాంతులు చేసుకుంటా వచ్చి, టీ తాగి వెళ్లిపోతానంటే కుదరదు."

"మరి?"

"అక్కడ బడి లేదేటి? మీరూ బదిలీ పెట్టుకోండి."

చింతపల్లి విడిచి ఎక్కడా ఉండని మనిషి విశ్వాసం. గోడ మీద మేకు తల అంత అడుగు. బయట అది సగం రోజు ప్రయాణం, తెలియని ఇల్లు, తెలియని చర్చి, పొద్దున్నే ఎదురుగా ఇంకో మనిషి. భయం వేసింది. భయం వేసిందని గమనించుకునేలోపే నోరు పనిచేసింది.

"పెట్టుకుంటాను."

"చూద్దాం," అంది డాలీ. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

లాజరస్ గారికి అప్పటికి అంతా అర్థమైంది. బెంచీ మీద కూలబడి, "ఇద్దరూ ఎల్లిపోతే నా బీపీ ఎవులు సూత్తారు, గుంటలకి సోషలెవులు సెప్తారు?" అన్నారు. ఆయనే మళ్లీ కర్ర నేలకు తాటించారు. "పోనీ, పెళ్లి మాత్రం ఇక్కడే, మన చర్చిలో. ఇంతకీ అక్కడ ఏటి రాత్తారు, సెప్పండి."

"రెండూ రాయండి మేస్టారు," అంది డాలీ.

"పట్టవండి. మేకు తల అంత చోటు—"

"పట్టించండి."

విశ్వాసం స్కేలు తీయలేదు, సుద్దగీత గీయలేదు. మేకుకి ఎడమ పక్క డొంకరాయి, కుడి పక్క చింతపల్లి అని పెద్దక్షరాలతో రాసుకుపోయాడు. ఒక పేరు అరేబియా సముద్రంలోకి జారింది. రెండోది బంగాళాఖాతం దాటి బర్మా మీదికి ఎక్కింది.

"సముద్రంలోకి తోసీసినారు," అన్నారు లాజరస్ గారు. "జ్ఞానులింక పడవెక్కాల."