గోడ మీది వైశాలి

నేను అన్నింటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నేనిచ్చిన మందు తాగి, ఎనిమిది నెలల పాప ఈపాటికి చనిపోయి ఉంటుందేమోనని.

ఆ రోజు మందుల దుకాణంలో ఊపిరి సలపలేదు. దసరా వెళ్లాక మా బీడ్ జిల్లా జనం చెరుకు నరకడానికి లారీలెక్కే రోజులవి. ఎక్కేముందు అందరికీ ఒంటినొప్పుల మాత్రలు, గాయాల పట్టీలు, జ్వరం మందులు కావాలి. పదో తరగతితో ఆగిపోయినదాన్ని, పెట్టె మీది పేరు చదివి మందు తీసివ్వగలను. అందుకు ఉత్తమ్‌రావ్ కాకా నెలకు నాలుగు వేల అయిదు వందలిస్తాడు. మూడేళ్ల నా కూతురు బల్ల కింద అట్టపెట్టెలో నిద్రపోతుంది.

మందులిచ్చే హక్కు మాత్రం నాది కాదు, దుకాణందారుడైన కాకాదీ కాదు. గోడ మీద ఉన్న వైశాలిది. ఫార్మసీ చదివిన పిల్ల. ఫోటో అంటించిన ఆమె పత్రాన్ని అద్దంలో బిగించి వేలాడదీశారు. నాలుగేళ్లలో ఆమె ఒక్కసారీ ఈ గడప తొక్కలేదు. ఆ పత్రానికి అద్దెగా నెలకు నాలుగు వేలు ఆమె ఖాతాలో పడతాయి. కాకా పొద్దున్నే గణపతికి అగరొత్తి తిప్పి, అదే చేత్తో ఆమెకూ తిప్పుతాడు. మా ఇంట్లో అలా పొగ చూపించేది పోయిన మామగారి ఫోటోకే. అందుకని ఈ అత్త ఎప్పుడు చచ్చిపోయిందని నా కూతురు అడిగింది. బతికే ఉందన్నాను. నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం చంకలో పాపతో ఒకామె సర్కారు ఆసుపత్రి చీటీ తెచ్చింది. జ్వరం సిరప్, అయిదు మిల్లీలీటర్లు, రోజుకు మూడుసార్లు, మూడు రోజులు. సిరప్ అయిపోయింది. మందు అదేగా, చుక్కలమందు ఇచ్చెయ్యమన్నాడు కాకా. సీసా చిన్నది కాబట్టి రోజుకొకటి చొప్పున మూడిమ్మన్నాడు. ఆమెకు చదువు రాదు. నేనే డబ్బాలోని చుక్కల గొట్టం తీసేసి, ప్లాస్టిక్ కొలత మూత ఇచ్చి, అయిదు మిల్లీలీటర్ల గీతను గోటితో గీసి చూపించాను.

"ఇక్కడిదాకా పొయ్యి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి," అన్నాను. లారీ హారన్ కొడుతుంటే ఆమె తలూపి పరుగెత్తింది.

మర్నాడు నా ఆడపడుచు ప్రాజక్తా దుకాణానికి వచ్చింది. పన్నెండో తరగతి సైన్సులో మంచి మార్కులతో గట్టెక్కి, బి.ఫార్మసీలో సీటు తెచ్చుకుంది. ఏడాదికి ఎనభై అయిదు వేలు, నాలుగేళ్లు. హాస్టలు వేరే. ఇంట్లో వారం రోజులుగా ఇదే తర్జనభర్జన. అంతా పెట్టి చదివిస్తే పుణేలో పద్నాలుగు వేల ఉద్యోగం, అందులో సగం గది అద్దెకే, అంటాడు నా మొగుడు. కాకా బేరం ఇంకొకటి. వైశాలి అద్దె పెంచమంటోంది. ప్రాజక్తాకు రెండేళ్ల ఫీజు తను కడతాడట. చదువయ్యాక పదేళ్లు ఆమె పత్రం ఈ గోడకే ఉండాలట. పెళ్లయి ఏ ఊరెళ్లినా ఫరవాలేదు. అబద్ధమెందుకు, నాకూ బాగానే ఉందనిపించింది. కాకా వైశాలి పక్కన అప్పుడే కొత్త మేకు కూడా దిగ్గొట్టాడు.

కాకా చెప్పుకుపోతుంటే, ప్రాజక్తా అప్పుడే వచ్చిన సిరప్ డబ్బానూ చుక్కలమందు డబ్బానూ పక్కపక్కన పెట్టి చదువుతోంది.

"వదినా, ఇవి రెండూ ఒకటి కావు. సిరప్పులో అయిదు మిల్లీలీటర్లకి నూట పాతిక మిల్లీగ్రాముల మందు. ఇందులో ఒక్క మిల్లీలీటరుకే వంద."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఒక్క మూతలో నాలుగు మూతల మందు. రోజుకు పన్నెండు మూతలది. మూడు రోజులు.

కాకా గొంతు తగ్గించాడు.

"కంగారుపడకు మంగల్. రేపు ఎవడొచ్చి అడిగినా కాగితంలో నువ్వూ లేవు, నేనూ లేను. ఆ పిల్ల ఉంది."

ప్రాజక్తా ఫోటోను చూసింది, పక్కనున్న మేకును చూసింది.

"నాలుగేళ్ల తరవాత నేనుంటానన్నమాట, కాకా."

"నువ్వుండక్కర్లేదమ్మా. డబ్బిచ్చేది అందుకేగా."

కూతుర్ని ఎత్తుకుని లారీల అడ్డాకు పరుగెత్తాను. ఖాళీ. కొన్ని సాంగ్లీ వైపు, కొన్ని కర్ణాటక వైపు పోయాయన్నారు. అక్కణ్నించి ఆసుపత్రికి పోతే, అక్కడి పుస్తకంలో 'బబన్ బిడ్డ' అని మాత్రం ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, ప్రాజక్తా చదవాల్సిందేనని, ఆ మేకుకు మాత్రం వేలాడదని. మూడు లక్షల నలభై వేలు ఎక్కడ తెస్తావని మొగుడు అడిగాడు. దుకాణానికి పోవడం మానేశాను. నా కూతురు నిద్రలో కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

మీ వైపు చెరుకు తోటల పక్కన గుడిసెలు పడి ఉంటే ఒకసారి వెళ్లండి. బబన్ భార్య ఎవరని అడగండి. ముందు పన్ను విరిగి ఉంటుంది, చేతులకు ఆకుపచ్చ గాజులు. ఆ సీసాల్లో ఏమైనా మిగిలి ఉంటే పారబోయించండి. పాప కళ్లు పచ్చబడ్డాయేమో చూడండి. ఆమె చంకలో పాప లేకపోతే, గుడిసె లోపల కూడా చూడండి.