పోగుముడి

అడవిలో ఉద్యోగమంటే జనానికి పుస్తకాల్లో చదివిందే తెలుసు. రేంజరు జీపు దిగుతాడు, రాలిన ఆకు ఎత్తి వాసన చూస్తాడు, కళ్లు చిట్లిస్తాడు, దొంగ దొరికిపోతాడు. ఆ రాసే మహానుభావుల్ని పట్టుకొచ్చి వత్రాప్ కొండ మీద మా కాపలా గదిలో ఒక్క వానాకాలం పడెయ్యాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది. పిక్కలకి జలగలు పట్టుకుని, బియ్యంలో పురుగులు ఏరుకుంటూ, గోడతో మాట్లాడుకుంటూ నాలుగు వారాలు గడిపాక ఏం రాస్తారో చూడాలి.

నా పేరు సుధాలక్ష్మి. ఫారెస్టు గార్డుని. మావాళ్లు కోవిల్‌పట్టి దగ్గర నేతవాళ్లు. తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నాన్న పోయాడు, మగ్గం అమ్మేశాం, తర్వాత అమ్మా పోయింది. తమ్ముడు తిరుప్పూరు బనియన్ల కంపెనీలో ఉన్నాడు. వాడి పిల్లలతో తెలుగులో మాట్లాడితే అత్త వింతగా మాట్లాడుతోందని అరవంలో నవ్వుతారు. నవ్వనీ. నాకు పెళ్లి కాలేదు. ఈ కోపానికి ఎవడు నిలుస్తాడే అని అమ్మ సణిగేది. ఇప్పుడు ఆ సణుగుడు కోసం కూడా మొహం వాచిపోయి ఉన్నాను.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, కొండ దిగువన మామిడి తోపు పక్కగా బండి మీద పోతుంటే, కంచె లోపల ఎవరో మేకను తిడుతున్నారు.

"ఓసి నీ మొగం మండ! ఈ చెట్టు తప్ప నీ కండ్లకి ఇంకొకటి కనపడలేదా?"

తెలుగు! బండి ఆపేశాను. కంచె దగ్గరికి వెళ్లి చూస్తే బక్కపలచని ముసలాయన, తలగుడ్డ ఊడిపోయి, చేతిలో పుల్లతో నిలబడి ఉన్నాడు. నా యూనిఫాం చూసి హడలిపోయి, మేకకు కూడా కేసు పెడతారా అని అరవంలో అడిగాడు.

"మేకది తప్పులేదు పెద్దనాయనా. కంచె నువ్వు సరిగ్గా కట్టలే" అన్నాను తెలుగులో.

ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు. తర్వాత పుల్ల అవతల పారేసి పకపకా నవ్వాడు. "అడి నా తల్లే! నువ్వు మనోళ్ల బిడ్డవా? ఈ కాకిగుడ్డలేసుకోని నన్ను బెదిరిస్తివే! దా, దా, లోపలికి దా."

ఆయన పేరు అప్పాసామి. ఆయనా నేతపనివాడే. మగ్గాలు మూతపడ్డాక, భార్య పోయాక, ఈ తోపుకు కాపలాగా వచ్చాడు. తోపు ఆసామి ఎక్కడో టౌన్లో ఉంటాడు. గుడిసె, మేక, ఒక రేకు పెట్టె, ఇవే ఆయన సంసారం. ఆ రోజు నుంచి డ్యూటీ దిగితే నా బండి ఆ గుడిసె ముందే ఆగేది.

కోవిల్‌పట్టి బస్టాండులో పాత పుస్తకాల కొట్టు ఉంది. అక్కడ అరవంలో చిన్నసైజు డిటెక్టివ్ నవలలు దొరుకుతాయి. వాటిలో అడవిలో హత్యలు కనిపెట్టే ఒక రేంజరు ఉంటాడు. తిట్టుకుంటూనే అన్నీ కొనేదాన్ని. నేను అరవంలో చదివి, పెద్దనాయనకి తెలుగులో చెప్పేదాన్ని. ఆయనకి చదువు రాదు గానీ బుర్ర మాత్రం పాదరసం. సగం కథ కూడా కాకముందే "ఆ ఎస్టేటు మేనేజరే గదా?" అనేవాడు. చచ్చినా చెప్పనని నేను మొండికేసేదాన్ని.

"ఏమే పాపా, ఈ రేంజరు లీవుకి అర్జీ పెట్టడా? బట్టలు ఉతుక్కోడా? ఎప్పుడు చూసినా పీనుగుల వెనకాలే తిరుగుతుండాడే!"

"వాడికి రాసేవాడు ఉండాడు, ఉతుకుతాడు" అనేదాన్ని. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. రోజంతా పట్టుకున్న గొంతు అప్పుడు విడిపోయేది.

కథ వింటున్నంతసేపూ ఆయన చేతులు ఖాళీగా ఉండేవి కావు. నాన్న మగ్గం అమ్మినప్పుడు గోనెసంచి నిండా వక్కరంగు నూలు మిగిలింది. అమ్మడానికి మనసు రాక, చిక్కుడు తీగలు కట్టుకుంటాడని ఆయనకిచ్చాను. నేతవాడు నూలు పారెయ్యడు. జానెడు ముక్కయినా సరే, ఇంకో ముక్కకి అతికి, ఉండ చుట్టి పెడతాడు. ఆ అతికే ముడిని మా ఇంట్లో పోగుముడి అంటాం. తెలియనివాళ్ల వేలికి తగలనంత చిన్నది, చదరంగా ఉంటుంది, ఎంత లాగినా ఊడదు. చివర్లు పంటితో కొరికేస్తారు. నాన్న వేసిన ముడులు కుడివైపు ఒరిగేవి. అప్పాసామిది ఎడంచేతి వాటం, ఆయనవి ఎడమకు ఒరిగేవి. నేను దానికి కూడా వెక్కిరించేదాన్ని.

ఆషాఢం గాలుల్లో ఏనుగు విషయం తెలిసింది.

తేనె పట్టే సుడలైమణి పరిగెత్తుకొచ్చి చెప్పాడు, వాగులో ఆడ ఏనుగు నిలబడిపోయిందని. వెళ్లి చూశాం. దవడ పగిలిపోయి ఉంది. అవుట్టుకాయ కొరికింది. పటాసుల మందుని గులకరాళ్లతో కలిపి, ముద్ద చేసి, పైన పనసతొక్కో కొవ్వో చుట్టి, తాడుతో బిగించి పెడతారు. అడవిపంది కొరికితే తల పేలిపోతుంది. ఈసారి పంది రాలేదు. ఏనుగు మంట చల్లారాలని నీళ్లల్లో నోరు ముంచుకుని నిలబడింది. తినలేదు, తాగలేదు. డాక్టర్లు వచ్చారు, అరటిపళ్లలో మందు పెట్టారు. నోరు తెరవలేని దానికి అరటిపండు ఏం చేసుకోను? నేను ఒడ్డున కూర్చుని దాని కళ్లలోకి చూస్తూ ఉండిపోయాను. చివరికి అది నీళ్లల్లోనే ఒరిగిపోయింది. అది పెట్టినవాణ్ణి పట్టుకుని నా చేత్తోనే లోపల పడేస్తానని ఆ రోజే అనుకున్నాను.

పేపర్లో పడేసరికి పైవాళ్లు రేంజరు మహేంద్రన్ సార్ మీద విరుచుకుపడ్డారు. ఆయన ఎవరో ఒకర్ని చూపించాలి. సుడలైమణి మీద ఎప్పుడో కుందేలు పట్టిన పాత కేసుంది. ముందు చూసింది వాడే కాబట్టి పెట్టింది కూడా వాడేనని పట్టి లోపలేశారు. వచ్చి చెప్పినందుకు వాడికి దక్కిన బహుమతి అది. వాడి పెళ్లాం ఆఫీసు గేటు దగ్గర చంకలో బిడ్డతో కూర్చుంది.

"సార్, వాడు చేసుంటే మనకొచ్చి ఎందుకు చెప్తాడు?" అని నిలదీశాను.

"సుధా, రేపు కోర్టుకి పంపాలి. నీ దగ్గర వేరే పేరుంటే చెప్పు. లేకపోతే నోరు మూసుకో" అన్నాడాయన. ఉత్తి కోపం తప్ప నా దగ్గర ఏం పేరుంది?

సుడలైమణిని పట్టుకొచ్చే ముందే, మామిడి తోపుకి కాస్త ఎగువన వెతుకుతుంటే, పేలని ముద్ద ఇంకొకటి దొరికింది. పోలీసులొచ్చి మందు తీసేసి, పైన చుట్టిన సరంజామా ప్లాస్టిక్ కవరులో వేసిచ్చారు. ఇప్పుడు దానికి చీటీ అంటించి బీరువాలో పెట్టమని సార్ నాకు అందించాడు. చీటీ అంటిస్తూ చూశాను. కొవ్వుపట్టి నల్లబడిన దారం. అంచున మాత్రం వక్కరంగు మిగిలి ఉంది.

కవరు విప్పకుండానే వెలుతురుకి పట్టి, బయట నుంచి తడిమి చూశాను. ముక్కలు ముక్కలుగా అతికిన నూలు. వేటగాడయితే నైలాన్ దారం నాలుగు చుట్లు చుట్టి పోతాడు. ఇక్కడ చేసింది, అంత పాపం చేస్తూ కూడా జానెడు నూలు పారెయ్యలేని చెయ్యి. ప్రతి అతుకూ పోగుముడే. అన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి.

ఆఫీసులో మిగతావాళ్లకి అది ఉత్త దారం. నేను చీటీ అంటించి బీరువాలో పెట్టేస్తే, ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. సుడలైమణి జైలుకి పోతాడు. నేను సాయంత్రం తోపుకి పోయి, సగంలో ఆగిన కథ చెప్పుకోవచ్చు. అంత నీచమైన ఆలోచన నాకొచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను, ఎందుకంటే అది చాలాసేపు పోలేదు కూడా.

గేటు దగ్గర సుడలైమణి పెళ్లాం బిడ్డకి నీళ్లు పడుతోంది. దాన్ని దాటుకుని బండి తీశాను.

అప్పాసామి కట్టెలు విరుస్తున్నాడు. నన్ను చూసి మొహం వెలిగింది. "ఏమే పాపా, ఈ పొద్దు తొందరగా వస్తివి? కతలో ఆ డాక్టరు పెండ్లామే గదా సంపింది?"

నేను కూర్చోలేదు. చిక్కుడు పందిరి మీద నుంచి ఒక పోగు తెంపి, ముడి ఉన్న చోట పట్టుకుని ఆయన కళ్ల ముందు పెట్టాను.

"ఇట్లాంటి ముడి ఆఫీసులో ఇంకొకటి ఉండాది పెద్దనాయనా. అవుట్టుకాయకి చుట్టింటిరి. అది నీదేనా?"

ఆయన నా చేతిలోంచి పోగు తీసుకుని బొటనవేలితో ముడిని తడిమాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడని, నాకేం తెలుసని అరుస్తాడని అనుకున్నాను. అట్లా అరిచినా బాగుండేది.

"నాదే" అన్నాడు. "ఇంకెవురు కడ్తారు ఇట్ల?"

కట్టెల మీదే కూలబడ్డాడు. "పందికి పెడ్తిని పాపా. సామి మీద ఆన. ఇంకొకసారి పంది తోపు దున్నితే మూట కట్టుకోని పొమ్మని ఆసామి చెప్పేసె. యాడికి పోదును నేను? వెంబకోట్టై పటాసుల కంపెనీలో తెలిసినోడు మందిచ్చె. ఏనుగొస్తాదని ఎవురు కన్నారు?"

"అది నీళ్లల్లో నిల్చోని ఆకలికి చచ్చె. నేను చూస్తా కూర్చుంటిని."

"తెలుసు. దాని అరుపు ఈడికి కూడా వినపడె. చెవుల్లో గుడ్డలు పెట్టుకుంటిని."

"సుడలైమణిని పట్టి లోపలేసిరి. అదీ తెలుసునా?"

ఆయన తల దించుకున్నాడు. "వాడు పడుసోడు. పోయినా వస్తాడు. నేను పోతే మళ్లా వస్తానా?"

"నీ మాట నీకు వినపడతా ఉండాదా? వాడి బిడ్డ గేటుకాడ మట్టిలో పడుకోని ఉండాది!"

నా అరుపుకి మేక బెదిరి గుంజ చుట్టూ తిరిగింది. ఆయన లేచి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "పాపా, కనిపెట్టింది నువ్వొకదానివే. ఆ నూలు పొయ్యిలో ఏసేయి. అయిపాయె." నా మొహంలోకి చూస్తూ ఇంకో మాట అన్నాడు. "నేను పోతే నీతో మాట్లాడేదానికి ఎవురుండారు చెప్పు?"

ఎక్కడ తగలాలో సరిగ్గా అక్కడే తగిలింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఎవురూ లేరు" అన్నాను. "ఎవురూ లేరని తెలిసే గదా, దాన్ని తక్కెట్లో పెట్టి నాతో బేరమాడతా ఉండావు! నువ్వు నాకు నాయన మాదిరి. ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది పెద్దనాయనా. లే. సొక్కా తొడుక్కో."

ఆయన లోపలికి పోయి చొక్కా తొడుక్కొచ్చాడు. మేకను విప్పి పక్క తోపువాళ్లకి అప్పజెప్పాడు. నా బండి వెనక కూర్చున్నాడు. వాగు దాటాం, చెరకు తోటలు దాటాం. ఏదో ఒకటి అంటాడని, కనీసం తిడతాడని, దారి పొడుగునా చెవి అటే పెట్టుకుని నడిపాను. ఒక్క మాట లేదు.

ముడి సంగతితో పాటు, నూలు ఇచ్చింది నేనేనని కూడా వాంగ్మూలంలో చెప్పాను. మహేంద్రన్ సార్ నోరెళ్లబెట్టి, నవలల్లో రేంజరులా కనిపెట్టావే అని భుజం తట్టబోయాడు. చెయ్యి తియ్యండి సార్ అన్నాను. సాయంత్రానికి సుడలైమణిని వదిలేశారు. వాడు నాకు దండం పెట్టాడు. వాడి పెళ్లాం మాత్రం నా వైపు చూడకుండా మొగుడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోయింది. నేనూ ఆ ఆఫీసుదాన్నే, ఆమె చేసిందే సరి.

తర్వాత కాపలా గదిలో ఎన్నాళ్లు ఎట్లా గడిచాయో నాకే తెలియదు. చెట్లకి, కుండకి, రేడియోకి తెలుగులో ఏదో ఒకటి చెప్పేదాన్ని. నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఒక సెలవు చూసుకుని విరుదునగర్ జైలుకి వెళ్లాను. యూనిఫాం వేసుకోలేదు, అమ్మ చీర కట్టుకున్నాను. కమ్మీల అవతలికి ఆయన్ని తీసుకొచ్చారు. చిక్కిపోయాడు. గడ్డం గీసి శుభ్రంగా ఉన్నాడు. ఆయన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. తిడితే పడదామనే వెళ్లాను.

"పెద్దనాయనా, ఒళ్లు ఎట్లుండాది? మోకాలినొప్పికి మందిస్తుండారా?"

ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. రెండు చేతులూ జోడించాడు.

"నల్లా ఇరుక్కేన్ మేడం" అన్నాడు.

బాగున్నానని. అరవంలో.

నా మాట వినపడలేదేమో అనుకుని ఇంకా దగ్గరికి జరిగాను. "వకీలుతో మాట్లాడితిని. వయసు చూసి బెయిలు ఇస్తారంటుండారు. నీకేమన్నా కావాల్నా?"

"ఒన్నుం వేండాం మేడం. రొంబ నన్రి."

ఏమీ వద్దట, చాలా థాంక్సట. పరాయి ఆఫీసరుతో మాట్లాడినట్టు, ఎంతో మర్యాదగా. ఇంకోసారి "పెద్దనాయనా" అన్నాను. ఆయన చేతులు జోడించుకునే ఉన్నాడు. వార్డరు టైమయిందన్నాడు.

"సరి, వరేన్" అన్నాను, వస్తానని, నేను కూడా అరవంలో. బయటికొచ్చి బస్సెక్కాను.