మూడో కుర్చీ ముందు పేరు

నేను ఒక నేమ్ ప్లేటుని. అలాగని నాకంటూ ఒక పేరుందనుకునేరు, లేదు. అదే నా ఏడుపు. జానెడు పొడవు టేకు చెక్క, ముందువైపు ఒక గాడి, దాని మీద పల్చటి మైకా రేకు. ఆ గాడిలోకి ఎవరి పేరు చీటీ దూరిస్తే ఆ పూటకి నేను వాళ్లని. పూట గడవగానే చీటీ లాగేస్తారు, మళ్లీ ఉత్త చెక్కని.

వడ్రంగి ఒకే దుంగలోంచి మమ్మల్ని పన్నెండు మందిని కోశాడు. శాసనసభ కమిటీ హాల్లో సాక్షుల బల్ల మీద వరసగా పెట్టారు. నాది మూడో కుర్చీ. సాక్షులంటే దొంగతనాలు చూసినవాళ్లు కారు, ప్రభుత్వ శాఖల అధికార్లు. జనం పెట్టుకున్న అర్జీల మీద ఎమ్మెల్యేల కమిటీ వాళ్లని పిలిచి, ఫలానా పని ఎందుకు కాలేదని నిలదీస్తుంది. వాళ్లు నీళ్లు నములుతారు. వెనక వరసలో కూర్చున్న కింది ఉద్యోగులు చీటీలు అందిస్తుంటే, అవి చూసి "పరిశీలనలో ఉందండీ" అంటారు. నేను కొన్ని వందల మంది పేర్లు మోశాను. ఆ ఒక్క మాట అననివాడు నా గాడిలోకి రాలేదు.

ఎదురుగా, పెద్ద బల్ల నడిమధ్య, ఆ ఇత్తడిది ఉండేది. 'అధ్యక్షులు' అని ఒంటి మీదే చెక్కించుకుంది మహాతల్లి! నేనుండగానే అధ్యక్షులు ఆరుగురు మారారు, దాని అక్షరం ఒక్కటి కదల్లేదు. సోమవారం సోమవారం అటెండరు గాలయ్య చింతపండు పెట్టి దాన్ని తోమేవాడు. తోమి, కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, కాస్త దూరం జరిగి మురిసిపోయేవాడు. అదే గుడ్డ మురికయ్యాక మా మీద ఒక్క విసురు విసిరేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, నాకు దాని ఎంగిలి చింతపండు మీద కూడా ఆశే. దానికి చీటీలుండవు, ఎవరి పేరో మొయ్యాల్సిన ఖర్మ లేదు. చూసిన ప్రతిసారీ నా కడుపు భగ్గుమనేది. ఇందులో దాచేదేముంది, నేను ఓర్వలేనిదాన్నే.

నాకున్న గర్వమల్లా ఒక్కటే. హాల్లో ఒక పక్క విశాలాక్షి అనే రిపోర్టరు కూర్చుని, వినబడిన ప్రతి మాటా షార్ట్‌హ్యాండులో రాసుకునేది. అంత వేగంలో పేర్లు రాయడానికి తీరిక ఎక్కడిది? 'మూడు' అని కుర్చీ నంబరు వేసి మాట రాసేసేది. సమావేశం అయిపోయాక గాలయ్య మా చీటీలన్నీ వరసగా లాగి, దారం కట్టి, టైపు గదికి పంపేవాడు. అక్కడ మూడు అన్నచోటల్లా నా చీటీలో పేరు పడేది. అంటే సభ రికార్డులో అచ్చయ్యే పేరు నాలోంచే వెళ్లాలి. ఇత్తడి దానికి ఆ భాగ్యం లేదు. ఆ ఒక్క సంగతి పట్టుకునే ఇన్నేళ్లు బతుకు ఈడ్చాను.

ఒకసారి ఎర్రబోడు అనే చిన్న పల్లె అర్జీ విచారణకి వచ్చింది. ఊరంతటికీ ఒకటే బోరు. ఆ నీళ్లు తాగి పిల్లల పళ్లు పసుపెక్కుతున్నాయి, పెద్దల నడుములు వంగిపోతున్నాయి, నది నీళ్ల పైపు వేయించండని అర్జీ. సంతకాల్లో మొదటిది బత్తుల అండాలుది. నలభై ఏళ్లుంటాయేమో, కూలికి పోయే మనిషి. ఆమెని కూడా రమ్మన్నారు గానీ, గోడవారన బెంచీ మీద కూర్చోబెట్టారు. బెంచీకి నేమ్ ప్లేటు ఉండదు కదా!

ఆ పూట నా గాడిలో ఉన్నది 'వి. శేషాచలపతి, చీఫ్ ఇంజనీరు'. ఆయన లేచి, ఎర్రబోడు బోరు నీళ్లు పరీక్ష చేయించామనీ, అమృతంలా ఉన్నాయనీ కాగితం చూపించాడు. ఆ కాగితం నిలబడితే అర్జీ మూసేస్తారు, ఊరికి ఇక దిక్కుండదు. ఇంతలో మంత్రిగారు రమ్మంటున్నారని కబురొచ్చింది. శేషాచలపతి చేతులు జోడించి వెళ్లిపోయాడు. చీటీ మాత్రం నాలోనే ఉండిపోయింది.

అధ్యక్షుడు తిరుమలరాయుడు ముసలాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. బెంచీ వైపు చూసి, "అమ్మా, అక్కణ్ణించి మైకులో వినపడదు. ఇదిగో, ఆ ఖాళీ కుర్చీలోకి వచ్చి చెప్పమ్మా" అన్నాడు.

ఆమె వచ్చి నా వెనక కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. పేరొకరిది, మాటొకరిదీనా?

"సారు, ఆ సీసల నింపింది మా బోరు నీళ్లు గాదు," అంది అండాలు. "మా ఊరికి తొవ్వ మంచిగ లేదని జీపు రోడ్డు మీద్నే ఆగింది. ఆడ హోటల్ నల్ల కాడ సీస నింపుకొని మల్లిండ్రు. నేను ఆడ్నే ఉన్న, నా కండ్లతోటి చూసిన."

వెనక వరసలో చీటీలు అందించేవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "రాతపూర్వకంగా జవాబిస్తామండీ" అన్నాడొకడు. అంతటితో ఆ రోజు సమావేశం ముగిసింది. గాలయ్య అలవాటుగా చీటీలు లాగి టైపు గదికి పంపేశాడు. ఆమెకి చీటీ లేదనీ, నాలో ఉన్నది ఆమె పేరు కాదనీ ఎవరికీ తట్టలేదు.

టైపు గదిలో అందరి యాసా ఇస్త్రీ చేసేస్తారు. కాగితం మీద ఆ మాట ఇలా వచ్చింది: 'శ్రీ వి. శేషాచలపతి: ఆ సీసాలో నింపినది ఎర్రబోడు బోరు నీరు కాదు. దారి బాగులేనందున జీపు రోడ్డు మీదనే ఆగింది. అక్కడి హోటల్ కుళాయి వద్ద సీసా నింపుకొని వెనుదిరిగారు. నేను అక్కడే ఉన్నాను.'

ఎవరి మాటల ప్రతిని వాళ్లకి పంపించడం కమిటీ ఆనవాయితీ. తప్పులుంటే పదిహేను రోజుల్లో దిద్దుకోవాలి. శేషాచలపతి పేజీ పేజీకీ సంతకం పెట్టి, 'సరిగా ఉన్నది' అని రాసి తిప్పి పంపాడు. చదివితే ఒట్టు! పెద్ద అధికార్లు చదివి సంతకం పెట్టడం నేనెరగను.

నెల తిరిగాక మళ్లీ సమావేశం. జరిగిన పొరపాటు అప్పటికి విశాలాక్షి కంట పడింది. అధ్యక్షుడి చెవిన వేసి, ఈసారి అండాలు పేరు కూడా టైపు చేయించి గాలయ్య చేతికిచ్చింది. అతను దాన్ని నా గాడిలోకి దూర్చాడు: 'బత్తుల అండాలు, ఎర్రబోడు'.

అండాలు కూర్చుంటూ నా వైపు వంగింది. "గిది నా పేరేనా అన్నా?"

"నీదే అక్కా. చూస్తున్నవు గద," అన్నాడు గాలయ్య.

ఆమె మైకా రేకు మీద వేలితో అక్షరం అక్షరం తడిమింది. అంతమందిని మోశానా, ఎవరూ నన్ను అలా ముట్టుకోలేదు. వాళ్లకి పేరు పుట్టుకతో వచ్చిన హక్కు. ఆ క్షణంలో ఎదురుగా ఉన్న ఇత్తడిది నా కంటికి ఆనలేదు. ఈ పేరు రికార్డులోకి ఎక్కాలి, అచ్చులో పడాలి, నాలోంచి పడాలి. అదొక్కటే నా యావ.

నాలుగో కుర్చీలో శేషాచలపతి లేచి, నీళ్లు మంచివేనని పాత పాటే అందుకున్నాడు. అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని, సంతకాలున్న కాగితం తీసి మెల్లగా పైకి చదివాడు. సీసా, జీపు, హోటల్ కుళాయి, అన్నీ. శేషాచలపతి గబగబా మైకు దగ్గరకి లాక్కున్నాడు.

"అయ్యా, ఆ మాటలు నావి కావండీ. ఈవిడవని మావాళ్లు చెప్పారు. నేనారోజు మంత్రిగారి దగ్గరకి..."

"సంతకం మీదేనాండీ?"

"నాదేనండీ, కానీ..."

"చదవకుండా పెట్టారా?"

చదవలేదంటే శేషాచలపతి ఉద్యోగానికే మచ్చ, చదివానంటే మాట తనదవుతుంది.

అధ్యక్షుడు అండాలు వైపు తిరిగాడు. "చూడమ్మా, ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ మాటలు నీవని నువ్వంటే ఇప్పుడే దిద్దించి నీ పేరు వేయిస్తాను. కానీ అప్పుడది అర్జీదారు చేసిన ఆరోపణ అవుతుంది. శాఖవాళ్లు కాదంటారు, మళ్లీ పరీక్షంటారు. నీవి కాదంటే ఆయన సంతకం నిలబడి, వాళ్ల పరీక్ష కాగితం ఇక్కడే చెల్లకుండా పోతుంది. ఏమంటావు? ఇవి నీ మాటలేనా?"

మళ్లీ పరీక్షంటే మళ్లీ అదే జీపు, అదే హోటలు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా లోపల నా అరుపు ఒకటే: నావేనను! తల్లీ, నావేనని చెప్పు! ఆ క్షణం నాకు ఎర్రబోడు పిల్లల పళ్లు గుర్తుకు రాలేదు. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

అండాలు కొంగు సర్దుకుంది. నాలుగో కుర్చీ వైపు ఒకసారి నిమ్మళంగా చూసింది.

"సారు పెద్ద సదువు సదివినోడు," అంది. "దస్కతు పెట్టిండంటే ఆయన మాటలే అయ్యుంటయి. నాకేం ఎరుక?"

విశాలాక్షి పెన్సిల్ ఒక్క లిప్త ఆగి, మళ్లీ కదిలింది. అధ్యక్షుడు తల దించుకుని నవ్వు దాచుకున్నాడు. శేషాచలపతి కక్కలేక మింగలేక, "అవునండీ, నేనే అన్నాను" అన్నాడు.

'శాఖ చీఫ్ ఇంజనీరే స్వయంగా అంగీకరించినందున' ఎర్రబోడుకి ఆరు నెలల్లో నది నీరు ఇవ్వాలని కమిటీ నివేదిక ఇచ్చింది. తొమ్మిది నెలలు పట్టింది. పైపు పడిందనీ, ఊళ్లో కుళాయిలు తిరుగుతున్నాయనీ, శాఖ పంపిన కాగితం చూసి విశాలాక్షి గాలయ్యకి చెబుతుంటే విన్నాను. అతను నా గాడిలోంచి ఆ పూటకి ఎవరిదో చీటీ లాగుతూ, "మంచిగైంది పో" అన్నాడు.

ఇప్పుడు హాల్లో పేర్లు తెరల మీద వెలుగుతున్నాయట. మేం పన్నెండుగురం గోదాములో అట్టపెట్టెలో ఉన్నాం. పక్కనే ఆ నివేదిక ప్రతులు కట్టలు కట్టి పడేశారు. నూట నలభై పేజీల్లో శేషాచలపతి పేరు పదకొండు చోట్ల ఉంది. అర్జీ ఊరి పేరున, సాక్ష్యం ఆయన పేరున పడ్డాయి గనక, అండాలు పేరు ఒక్కచోట కూడా లేదు. జీవితంలో ఎందరి మీదో కుళ్లుకున్నాను, అవన్నీ ఎప్పుడో ఆరిపోయాయి. ఆమె మీద మాత్రం ఇంకా కడుపు మండుతూనే ఉంది. నాకు ఇన్నేళ్లయినా చేతకాని పని, పేరు వదులుకోవడం, ఆమె కొంగు సర్దుకున్నంత సేపట్లో చేసేసి ఊరికి బస్సెక్కింది.