వడ్డీ పలక

మూడో అంతస్తులో మగవాళ్ళ టాయ్‌లెట్ ముందు పసుపుపచ్చ బోర్డు నిలబెట్టి, నజీముద్దీన్ మాప్‌ను బకెట్లో ముంచి, పిండి, లోపలి గోడ దగ్గర్నుంచి గుమ్మం వైపు తుడుచుకుంటూ వచ్చాడు. దేశం కాని దేశంలో, ఈ వెస్ట్‌మీడ్ పెద్దాసుపత్రిలో అది అతనికి పదహారో ఏడు. ఆ పదహారేళ్ళలో పనికి రాని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అరవై ఒక్కేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. తెల్లగడ్డం పొట్టిగా కత్తిరించి ఉంటుంది. కుడి బొటనవేలి గోరు నడిమికి చీలి ఉంటుంది. మార్కాపురం పలకల గనిలో తండ్రి పక్కన కూర్చుని రాయి చీల్చే వయసులో సుత్తిదెబ్బ తగిలిన గుర్తు అది. మాప్ అందని మూలలుంటే మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తుడుస్తాడు. ఈవేళ అలా కూర్చుని లేవబోతే ఎడమ భుజం లాగింది. మాప్ పిండిన నొప్పేలే అనుకుని కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మనసంతా మధ్యాహ్నం మూడింటి మీద ఉంది. ఈవేళ ఏప్రిల్ ఎనిమిది. పారమాటాలో బ్యాంకు నాలుగింటికి మూస్తారు. ఆ లోపల డబ్బు అక్కణ్ణించి ఇంకో బ్యాంకుకు కదలాలి. కదలకపోతే రేపట్నుంచి అయిదుంపావు వడ్డీ కాస్తా రెండుకు పడిపోతుంది.

ఇక్కడి బ్యాంకులకదొక అలవాటు. కొత్తగా ఖాతా తెరిచినవాళ్ళకు నాలుగు నెలలు కొత్తల్లుడి మర్యాదలు చేస్తాయి. అయిదో నెల నుంచి ఎవరు నువ్వు అన్నట్టు చూస్తాయి. జనం మరిచిపోయి డబ్బు అక్కడే వదిలేస్తారు. నజీముద్దీన్ మరిచిపోడు. వంటింట్లో మేకుకు ఒక మార్కాపురం పలక వేలాడుతుంటుంది. దాని మీద బలపంతో బ్యాంకు పేరు, వడ్డీ, ఆఖరు తేదీ రాస్తాడు. కొయ్య చట్రానికి పురికొసతో ఒక గుడ్డముక్క కట్టి ఉంటుంది. రోజూ తెల్లవారుజామున నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునేటప్పుడు ఆ గుడ్డనూ తడిపి పిండుతాడు. నాలుగు నెలలకోసారి తుడిచే పలకకు రోజూ తడిగుడ్డ ఎందుకయ్యా అని భార్య బాను నవ్వుతుంది. "పలకన్నాక తడిగుడ్డ ఉండాల" అంటాడు తను.

ఆ డబ్బు తొంభై రెండు వేల డాలర్లు. ఇల్లు కొందామని ఇరవై ఏళ్ళు కూడబెట్టింది. వడ్డీకి అప్పు తెచ్చి ఇల్లు కొనకూడదనేది అతని పట్టుదల. మొత్తం రొక్కం పెట్టే కొనాలి. గిరావీన్‌లో ఇల్లు చూసి వచ్చిన ప్రతిసారీ ధర ఇంకో లక్ష ముందుకు జరిగేది. చివరికి చూడటం మానేశాడు. అద్దె ఫ్లాటూ, బ్యాంకులో డబ్బూ అలాగే ఉండిపోయాయి.

వడ్డీ ఇవ్వడు సరే, వడ్డీ తినడు కూడా. తినని వడ్డీకి ఇంత పరుగేమిటంటారా? తిరకాసంతా అక్కడే ఉంది. మసీదులో పెద్దాయన చెప్పాడు, వచ్చిన వడ్డీని బ్యాంకుకే వదిలెయ్యొద్దు, తీసి నలుగురికీ పనికొచ్చే మరుగుదొడ్ల వంటి వాటికి ఇచ్చెయ్, దాని మీద పుణ్యం మాత్రం ఆశించకు అని. చిన్నప్పుడు ఊళ్ళోనూ అదే మాట విన్నాడు. అయితే ఎక్కువ వడ్డీ ఎక్కడిస్తారా అని వెతుక్కుంటూ పోవచ్చా అని మాత్రం పెద్దాయనను అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు. అందుకే అడగలేదు.

ఎదురు ఫ్లాటు శేషగిరికి ఇదంతా పెద్ద వినోదం. గుంటూరాయన, ఫైనాన్స్ ఆఫీసులో పని. ఏ బ్యాంకు ఎంతిస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. డబ్బు బాను పేరున పెట్టమన్నదీ ఆయనే. "ఆవిడకి వేరే ఇన్‌కమ్ లేదు కదా, ఆ వడ్డీ మీద టాక్స్ పడదు. నీ పేరునుంటే జీతంతో కలిపి కోసేస్తారు" అన్నాడు. పది గంటల టీ వేళకు ఆయనే ఫోన్ చేశాడు.

"నజీంభాయ్, ఇవాళే లాస్ట్ డే, గుర్తుందా? కొత్త అకౌంట్ యాక్టివేట్ అయిందా?"

"అయింది శేషగిరిగారూ. డ్యూటీ కాంగానే పోతాం."

"వడ్డీ వద్దంటావు, ఎక్కువ వడ్డీ కావాలంటావు. పుణ్యం రాదంటావు, దొడ్లు కట్టించి శిలాఫలకం మీద పేరూ వద్దంటావు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఇంతకీ నీకేమొస్తుందయ్యా దీంట్లో?"

"నాకేమీ రాగూడదు. అదే గదా లెక్క" అన్నాడు నజీముద్దీన్. ఫోన్లో శేషగిరి నవ్వు పెద్దగా వినిపించింది.

అసలు లెక్క శేషగిరికి ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు బాను రొట్టెల పిండి పిసుకుతూ, ఏడో తరగతిలో తనకు లెక్కల్లో వందకు తొంభై ఆరు వచ్చాయని చెప్పింది. మరి ఎందుకు మానేశావంటే, పెద్దమనిషినయ్యాను, బళ్ళో దొడ్డి లేదు, పొద్దుగూకేదాకా ఎట్టా ఉంటా అని నవ్వుతూ అంది. అతనికి నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు. ఇప్పుడా బళ్ళో ఈ వడ్డీ డబ్బుతో మూడు మరుగుదొడ్లు లేచాయి. నాలుగోదానికి గోడలున్నాయి గాని తలుపూ లేదు, పైన నీళ్ళ ట్యాంకూ లేదు. అక్కడి శాంతి టీచర్ ఫోటోలు పంపుతుంటుంది. జూన్‌లో బడి తెరిచే లోపల అయిపోవాలి. ఈ ఏడు ఏడో తరగతిలో ఆడపిల్లలు ఇరవై ఇద్దరు. అయిదుంపావుకూ రెండుకూ నెలకు రెండొందల యాభై డాలర్లు తేడా. ఊళ్ళో అది ఒక తలుపూ, గొళ్ళెమూ, వాటిని బిగించే కూలీ.

రెండింటికి పని దిగి, లైట్ రైల్లో పారమాటా చేరాడు. బాను అప్పటికే బ్యాంకు ముందు నిలబడి ఉంది. నీలం చీర, పైన స్వెట్టరు, బీరువాలో దాచుకున్న నల్ల చెప్పులు. నాలుగు నెలలకోసారి వచ్చే బ్యాంకు రోజు ఆమెకు షికారు కిందే లెక్క.

"ఏందయ్యా, మొగం అట్టా పీక్కుపోయింది?"

"పొద్దున తిన్నది అరగలేదు. పద, టైమయితాంది."

కౌంటర్లో అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. ఇంత మొత్తం ఒక్కసారే ఎందుకు కదులుస్తున్నారని అడిగింది. నజీముద్దీన్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడతో విడిగా మాట్లాడాలి, మీరు అక్కడ కూర్చోండి అంది. ఈమధ్య మోసాలు ఎక్కువయ్యాయి. ఆడమనిషి పేరున ఉన్న డబ్బు ఎవరైనా బెదిరించి తీయిస్తున్నారేమో అడిగి తెలుసుకోవడం వాళ్ళకు రూలట. బానును అద్దాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది.

అతను కుర్చీలో కూర్చుని గడియారం చూశాడు. మూడు ఇరవై. మార్కెట్లో ధర అడగడానికి తప్ప బాను ఇంగ్లీషు మాట్లాడి ఎరగదు. ఒక్క మాట అటూ ఇటూ అయితే డబ్బు ఆపేస్తారు. మూడున్నర. అద్దంలోంచి బాను చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం కనిపిస్తోంది గాని ఏం చెబుతోందో తెలియడం లేదు. మూడూ నలభై. చెమట పట్టింది. కళ్ళు మూసుకుని, ఈ ఒక్కసారికి గట్టెక్కించమని వేడుకున్నాడు. వడ్డీ కోసం దేవుణ్ణి అడుగుతున్నానేమిటని వెంటనే సిగ్గుపడి మానేశాడు.

మూడూ నలభై అయిదుకు తలుపు తెరుచుకుంది. అమ్మాయి కళ్ళు తడిగా ఉన్నాయి. కాగితం ముందుకు జరిపింది. బాను తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టింది. డబ్బు కదిలింది.

తిరుగు రైల్లో కూర్చున్నాక గాని అతను అడగలేదు.

"ఏం అడిగిందే?"

"డబ్బు యాడికి తీసకపోతన్నారు, ఎవురు తియ్యమన్నారు, ఆయనంటే నీకు బయ్యమా అని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"టాయ్‌లెట్ అని చెప్పినా. మై స్కూల్ నో టాయ్‌లెట్. సెవెన్త్ క్లాస్, ఐ స్టాప్. నౌ ఫోర్ టాయ్‌లెట్. అంతే, నాకొచ్చిన ఇంగ్లీషంతా అయిపోయింది."

"బయ్యం సంగతో?"

"ఆయనకే నేనంటే బయ్యం అని తెలుగులో చెప్పినా. ఆ పిల్ల తల ఊపింది."

అతనికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "నువ్వు సదువుకోనుంటే ఇట్టాంటి బ్యాంకులో కూచోనుందువు బానూ" అన్నాడు. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"కూచోనుంటే నిన్నెందుకు చేసుకుంటా?" అంది బాను. అని, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఎదుటి సీట్లో కాలేజీ పిల్లలున్నారని కూడా చూడలేదు.

ఇంటికి రాగానే అతను పలక మీద పాత అక్షరాలు తుడిచాడు. కొత్త బ్యాంకు పేరు, అయిదుంపావు, ఆగస్టు ఎనిమిది అని రాశాడు. నాలుగు నెలల్లో చేరిన వడ్డీని ఫోన్లోంచి శాంతి టీచర్‌కు పంపాడు. టీ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మగ్రిబ్ నమాజుకి లేపు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అయిదూ నలభైకి బాను పిలిచింది. పలకలేదు. భుజం పట్టి ఊపితే చెయ్యి జారి మంచం పట్టె మీద పడింది. ఆమె కేకకు శేషగిరి పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సు వచ్చింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో పొద్దున తను తుడిచిన లిఫ్టులోనే అతన్ని పైకి తీసుకెళ్ళారు. అప్పటికే ఏమీ లేదని డాక్టరు చెప్పాడు.

మర్నాడు రూక్‌వుడ్ ఖబరస్తాన్‌లో మట్టి చేశారు. కూతురు ఇఫ్రా పెర్త్ నుంచి వచ్చి పది రోజులుంది. తండ్రి జీతం పడే ఖాతా కాగితాలు తేలేదాకా ఆగిపోయింది. తొంభై రెండు వేలు మాత్రం ఆగలేదు, అది బాను పేరున ఉంది. "జస్ట్ లీవ్ ఇట్ ఇన్ వన్ బ్యాంక్, అమ్మా. పెర్త్ వచ్చెయ్ మా దగ్గరికి" అంది ఇఫ్రా. "ఆగస్టు ఎనిమిది కానీ, చూస్తా" అంది బాను. ఇఫ్రాకు అర్థం కాలేదు.

జూన్‌లో శాంతి టీచర్ ఫోటో పంపింది. నాలుగు నీలం తలుపులు, పైన నల్ల ట్యాంకు. బాను దాన్ని ఫోన్లో పెద్దది చేసి నాలుగో తలుపు గొళ్ళెం దాకా చూసింది. చూసి, ఆ పూట అన్నం తినకుండా ఏడ్చింది.

ఆగస్టు ఎనిమిదిన నల్ల చెప్పులు వేసుకుని ఒక్కతే లైట్ రైలెక్కింది. శేషగిరి వస్తానన్నా వద్దంది. ఏ బ్యాంకు ఎంతిస్తుందో ఆయన చెప్పాడు గాని, ఏ నెలకు ఎంత చేరుతుందో లెక్క తనే కట్టుకుంది. కౌంటర్లో ఈసారి ఒక కుర్రాడు. ఈ డబ్బు తియ్యమని మీకెవరు చెప్పారని అడిగాడు.

"మై డెసిషన్" అంది బాను. రైల్లో కూర్చుని అంతసేపూ అదే మాట వల్లె వేసుకుంది మరి.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే పలక ముందు నిలబడి బలపం తీసుకుంది. కొత్త బ్యాంకు పేరు, వడ్డీ, డిసెంబరు ఎనిమిది అని ఏడో తరగతి నాటి గుండ్రటి చేతిరాతతో రాసింది. దాని పక్కన, పక్క ఊరి బడి అని కూడా రాసింది. ఆమె అక్షరాలు పలక కింది సగంలోనే ఉన్నాయి. పై సగంలో నజీముద్దీన్ రాసిన ఆగస్టు ఎనిమిది అలాగే ఉంది. చట్రానికి కట్టిన గుడ్డముక్క ఏప్రిల్ నుంచి ఎవరూ తడపక, పెళుసుగా ఎండి మేకు కింద వేలాడుతోంది.